పట్టికను తెరిచే ముందు చదవండి

ఒక చిన్న తెలుగు మాసపత్రిక చందాదారుల జాబితా ఈమధ్య నా దగ్గరికి వచ్చింది. చిరునామా సరిగా లేదన్న కారణంతో కొన్ని కాపీలు ప్రతినెలా పోస్టులో తిరిగి వస్తున్నాయని, ఒకసారి చూసిపెట్టమని పంపిణీ బాధ్యత చూసే మాస్టారు అడిగారు. ఆయన పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయులు. జాబితాను ఎంతో శ్రద్ధగా చూసుకుంటారు. ఫైలు సీఎస్‌వీ రూపంలో, అంటే గడులను కామాలతో విడదీసి రాసే సాదా అక్షరాల రూపంలో ఉంది. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే నల్లతెరలో, హెడ్ కమాండుతో మొదటి వరుసలు చూశాను. హిమాయత్‌నగర్‌లో ఉండే ఒక చందాదారు ఇంటి నంబరు ఉండాల్సిన చోట 03-06-2012 అని ఉంది.

హైదరాబాదు ఇంటి నంబర్లు ఎరిగినవారికి సంగతి వెంటనే తెలిసిపోతుంది. మూడు సంఖ్యలు, మధ్యలో గీతలు. హిమాయత్‌నగర్ వైపు 3-6తో, బంజారాహిల్స్ వైపు 8-2తో మొదలవుతాయి. ఎవరో 3-6-12 అని సరిగ్గానే టైపు చేశారు. ఎక్సెల్ దాన్ని 2012 జూన్ 3 అనుకుంది. దాని కింది వరుసలోనే ఉన్న 3-6-369 మాత్రం చెక్కుచెదరలేదు. ఎక్సెల్ క్యాలెండరు 1900 నుంచి మొదలవుతుంది కాబట్టి 369 అనే సంవత్సరం దానికి లేదు. ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఇదే. జాబితాలో చాలా నంబర్లు బాగానే ఉంటాయి. చిన్న నంబరున్న ఇళ్లకు మాత్రమే పత్రిక అందదు.

ఈ జాబితాతో కూర్చున్నాక నాలో చాలాకాలంగా ఉన్న అభిప్రాయం ఒకటి గట్టిపడింది. ఎవరైనా పట్టిక ఫైలు పంపితే దాన్ని ముందు అక్షరాలుగా చదవాలి. రెండుసార్లు నొక్కి స్ప్రెడ్‌షీట్‌లో తెరవడం ఆ తర్వాతి మాట. అలా చదవడానికి కమాండ్ లైన్‌ను, అంటే ఆ టెర్మినల్‌ను మించిన చోటు నాకు ఇంతవరకు కనిపించలేదు. ఈ అభిప్రాయం మీద నాకూ అనుమానాలున్నాయి. వాటిని దాచకుండా చెప్పుకుంటూ వెళ్తాను.

ఊహించే ప్రోగ్రాములు

స్ప్రెడ్‌షీటు ఫైలును తెరిచేటప్పుడు ప్రతి గడిలో ఏముందో ఊహిస్తుంది. అంకెలా కనిపిస్తే అంకె, తేదీలా కనిపిస్తే తేదీ. ఊహించానని చెప్పదు, సరేనా అని అడగదు. చూసేవారు ఒక అక్షరం సరిచేసి సేవ్ చేశారంటే ఆ ఊహలన్నీ ఫైలులోకి ఎక్కిపోతాయి. అసలు ఏముండేదో ఇక ఫైలు చెప్పలేదు.

పల్లెటూళ్ల ఇంటి నంబర్ల పరిస్థితి ఇంకా కష్టం. అక్కడ రెండే సంఖ్యలు. 1-45 అని రాస్తే ఏదో ఒక ఏడాది జనవరి అవుతుంది. 4-12 అని రాస్తే డిసెంబరు 4 అవుతుంది. మన దేశపు అమరికతో నడిచే కంప్యూటర్లో ఇదంతా జరిగితే వెనక్కి లెక్కగట్టి అసలు నంబరు రాబట్టవచ్చు. కానీ ఈ జాబితాకు సంరక్షకులు ఇద్దరు. మాస్టారు హైదరాబాదులో చూస్తారు, విదేశీ చందాలను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే ఒకరు చూస్తారు. ఒకే ఫైలు అటూ ఇటూ తిరుగుతుంది. అమెరికా అమరికలో నెల ముందు, రోజు తర్వాత. అక్కడి కంప్యూటర్లో 4-12 ఏప్రిల్ 12 అయిపోతుంది. ఇక్కడి కంప్యూటర్లో 12-4 కూడా ఏప్రిల్ 12 అవుతుంది. ఫైలులో ఏప్రిల్ 12 అని ఉన్నచోట ఆ ఇల్లు నాలుగో వార్డులో పన్నెండోదా, పన్నెండో వార్డులో నాలుగోదా? రెండు వేర్వేరు ఇళ్లు ఒకే తేదీగా మారాక ఏ ప్రోగ్రామూ వాటిని విడదీయలేదు.

ఎడిసన్ చిరునామాలది మరో కథ. న్యూజెర్సీ జిప్ కోడ్లు, అంటే అక్కడి పిన్ కోడ్లు, సున్నాతో మొదలవుతాయి. 08820 అన్నది ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశాక 8820గా మిగులుతుంది. దేశం కోడుతో కలిపి రాసిన పన్నెండు అంకెల ఫోను నంబరు శాస్త్రీయ సంజ్ఞామానంలోకి మారి, తొలి కొన్ని అంకెలు మాత్రమే మిగిలి, మిగతావి పోతాయి. జిప్ కోడు సున్నాను తిరిగి పెట్టుకోవచ్చు. పోయిన ఫోను అంకెలను ఎక్కడి నుంచి తేగలం?

ఇది మన ఒక్కరి బాధ కాదు. జన్యుశాస్త్రంలో సెప్టెంబరు, మార్చి నెలల పేర్లను తలపించే జన్యు సంకేతాలు ఉండేవి. పరిశోధన వ్యాసాలకు జతచేసిన ఎక్సెల్ జన్యు జాబితాలను పరిశీలించి, అలాంటి జాబితాలున్న వ్యాసాల్లో దాదాపు ఐదో వంతులో ఈ రకం తప్పులు ఉన్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యునామాల కమిటీ ఆ జన్యువుల పేర్లే మార్చేసింది. శాస్త్రవేత్తలు తమ సంకేతాలను మార్చుకోగలిగారు. ఊళ్లలో ఇళ్ల గోడల మీద రాసి ఉన్న నంబర్లను మనం మార్చలేము కదా. అదే 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ రూపం వాడటం వల్ల, ఒక షీటులో 65,536 వరుసలకు మించి పట్టక 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాలేదు. ఆ రోగులతో కలిసి తిరిగినవారిని వెతికి హెచ్చరించే పని కూడా ఆ మేరకు ఆలస్యమైంది. ఆ సంగతి చదివినప్పటి నుంచి ‘తెరుచుకుంది కదా, అంతా ఉన్నట్టే’ అనే ధీమా నాలో పోయింది.

న్యాయంగా చెప్పాలంటే, మైక్రోసాఫ్ట్ 2023లో ఈ మార్పిడుల్లో కొన్నింటిని ఆపుకునే వీలు కల్పించింది. మొదటి సున్నాలు తీసేయవద్దని, పొడవాటి అంకెలను కుదించవద్దని చెప్పవచ్చు. అంతకుముందు కూడా ఫైలును నేరుగా తెరవకుండా డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుని కాలమ్‌లను టెక్స్ట్‌గా ప్రకటించే మార్గం ఉంది. లిబ్రేఆఫీస్ సీఎస్‌వీ తెరిచే ముందు ఒక పెట్టె చూపించి అడుగుతుంది కూడా. ఇవన్నీ మంచివే. కానీ ఫైలును ముట్టుకునే ప్రతి ఒక్కరూ, ప్రతిసారీ ఈ జాగ్రత్త పాటించాలి. ఇద్దరు సంరక్షకులున్న చోటే అది సాధ్యపడలేదు.

తక్కువ వచ్చినవి ఎక్కువ చెబుతాయి

కమాండ్ లైన్ అంటే ఏవో గూఢమైన మంత్రాలు అనుకుంటారు. నేను రోజూ వాడేవి నాలుగైదు. హెడ్ మొదటి వరుసలు చూపిస్తుంది. డబ్ల్యూసీ ఎన్ని వరుసలున్నాయో చెబుతుంది. కట్ కావలసిన కాలమ్‌ను విడదీస్తుంది. సార్ట్ వరుసలో పేరుస్తుంది. యూనిక్ ఒకేలా ఉన్నవాటిని కలిపి ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెడుతుంది. ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అందించేది పైపు. డగ్ మెక్‌ఇల్‌రాయ్ ఆలోచనను కెన్ థామ్సన్ 1973లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అమలు చేశారు. అర్ధశతాబ్దం దాటినా ఆ అమరిక మారలేదు. నిరుడు రాసుకున్న కమాండు ఈ ఏడాదీ పనిచేస్తుందన్న భరోసా నాకు ఏ మెనూ దగ్గరా దొరకలేదు.

వీటిలో నాకు అన్నింటికన్నా విలువైనది ఒక జోడింపు. ఒక కాలమ్‌ను కోసి, సార్ట్ చేసి, యూనిక్‌తో లెక్కపెట్టి, ఆ లెక్క ప్రకారం మళ్లీ సార్ట్ చేయడం. చందాదారుల జాబితాలో జిల్లా కాలమ్ మీద దీన్ని నడిపితే జాబితా చరిత్ర మొత్తం బయటపడింది. రంగారెడ్డి, రంగా రెడ్డి, కె.వి.రంగారెడ్డి, ఆర్.ఆర్.జిల్లా. మహబూబ్‌నగర్ మూడు రకాలు. కడప, వైఎస్సార్, వైఎస్సార్ కడప. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్ఫై ఒకటి అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. చందాదారు ఏ సంవత్సరంలో చేరితే అప్పటి జిల్లా పేరే జాబితాలో ఉండిపోయింది. భీమవరంలో ఉన్న ఇద్దరిలో ఒకరు పశ్చిమ గోదావరి వారు, మరొకరు ప.గో. జిల్లా వారు.

ఆ లెక్కల జాబితాలో పైన ఉండేవి, అంటే ఎక్కువసార్లు వచ్చేవి, నాకు కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు. నేను చూసేది అడుగున ఉన్నవాటిని. ఒకేఒక్కసారి వచ్చినవన్నీ అక్కడ చేరతాయి. టైపు తప్పులు, పక్క కాలమ్ నుంచి జారిపడ్డ పిన్ కోడ్లు, ‘మా అబ్బాయి చిరునామాకు పంపండి’ అని జిల్లా గడిలో ఎవరో రాసుకున్న మాట, అన్నీ అక్కడే. బియ్యాన్ని చేటలో పలుచగా పరిస్తే రాళ్లు వాటంతట అవే కనిపించినట్టు, ఈ ఒక్క జోడింపుతో చెత్త ఒకచోటికి చేరుతుంది. స్ప్రెడ్‌షీట్లో ఫిల్టరు పెట్టి ఇదే పని చేయవచ్చని అంటారు. చేయవచ్చు. కానీ ఫిల్టరు అన్ని విలువలనూ ఒకే వరుసలో సమానంగా చూపిస్తుంది. ఏది అరుదో అది నాకు చెప్పదు.

మరో సంగతి. ఇవేవీ అసలు ఫైలును మార్చవు. చదివి, ఫలితాన్ని తెరమీద రాస్తాయి. కావాలంటే కొత్త ఫైలులోకి పంపుకోవాలి. చూడటం వేరు, మార్చడం వేరు అన్న ఈ విభజనే నేను కమాండ్ లైన్‌ను నమ్మడానికి మొదటి కారణం.

ఆక్ కూడా మోసపోతుంది

ఇప్పుడు ఎదుటివైపు వాదన. నా వాదనలో బలహీనమైన చోటు ఇదేనని తెలిసే ఎక్కువసేపు ఇక్కడ ఆగుతున్నాను.

పాత యూనిక్స్ కమాండులు సీఎస్‌వీ కోసం పుట్టలేదు. వరుసలను గడులుగా విడదీసి లెక్కలు కట్టే ఆక్ అనే కమాండును 1977లో బెల్ ల్యాబ్స్‌లో అహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ తయారుచేశారు. ఖాళీతోనో కోలన్‌తోనో విడిపోయే సాదా వరుసలు వాటి లోకం. సీఎస్‌వీలో కామా గడిలోపల కూడా ఉండవచ్చు, అప్పుడు ఆ గడిని డబుల్ కోట్ల మధ్య పెట్టాలి. గడిలోపల కొత్త లైను కూడా ఉండవచ్చు. ఈ నియమాలను 2005 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 రాసిపెట్టింది. అప్పటికే దశాబ్దాలుగా తలోరకంగా వాడుతున్నదాన్ని నమోదు చేసిన పత్రం అది. దాన్ని పాటించి తీరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు.

మన చిరునామాల నిండా కామాలే. ‘రామాలయం వీధి, పోస్టాఫీసు ఎదురుగా, తణుకు’ అని ఒకే గడిలో ఉంటే, కామాల దగ్గర విడదీయమని ఆక్‌కు చెప్పినవారికి అది మూడు గడులుగా కనిపిస్తుంది. ఆ వరుసలో పిన్ కోడు రెండు కాలమ్‌లు పక్కకు జరుగుతుంది. ఆక్ ఏ హెచ్చరికా ఇవ్వదు. చిరునామా గడిలో ఎవరో ఎంటరు నొక్కి ఉంటే డబ్ల్యూసీ ఒక చందాదారును ఇద్దరిగా లెక్కిస్తుంది. యూనిక్ పక్కపక్కనే ఉన్నవాటినే కలుపుతుంది కాబట్టి సార్ట్ మరచిపోతే లెక్క తప్పుతుంది, కానీ తప్పిందని తెలియదు. పైపు వరుసలో మధ్యనున్న కమాండు విఫలమైనా, ప్రత్యేకంగా చెప్పకపోతే షెల్, అంటే కమాండులను నడిపే ప్రోగ్రాము, చివరి కమాండు సంగతే పట్టించుకుంటుంది.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది అంకెల సంగతి. పత్రికకు వచ్చిన విరాళాల కాలమ్‌లో మనవాళ్లు లక్ష రూపాయలను మన పద్ధతిలో 1,00,000 అని రాస్తారు. ట్యాబులతో విడదీసిన ఫైలులో ఆ గడి సరిగ్గానే ఉంటుంది. దాన్ని కూడమని ఆక్‌కు చెప్పండి. అది ముందున్న 1 చదివి, కామా రాగానే ఆగిపోయి, లక్ష రూపాయల విరాళాన్ని ఒక్క రూపాయిగా కూడుతుంది. ఖాళీ గడి అయినా, ‘తర్వాత ఇస్తారు’ అన్న మాటైనా సున్నాయే. ఏదో ఒక మొత్తం వస్తుంది, చూడటానికి అంకెలాగే ఉంటుంది. ఎక్సెల్ ఇంటి నంబరును తేదీ చేయడానికీ దీనికీ తేడా ఏమిటి?

కొత్త పరికరాలతో కొంత బాధ తీరుతుంది. కెర్నిహాన్ ఆక్‌లోనూ, గ్నూ ఆక్ 5.3లోనూ 2023లో సీఎస్‌వీని సరిగా చదివే ఐచ్ఛికం వచ్చింది. మిల్లర్, సీఎస్‌వీకిట్, డక్‌డీబీ లాంటివి కోట్ గుర్తులను, గడిలోపలి కొత్త లైన్లను అర్థం చేసుకుంటాయి. కానీ వాటిలో కొన్ని మళ్లీ ఊహించడం మొదలుపెట్టాయి. డక్‌డీబీ ఫైలు మొదటి భాగాన్ని పరిశీలించి కాలమ్ రకాన్ని తానే నిర్ణయిస్తుంది. సీఎస్‌వీకిట్‌లో కొన్ని కమాండులు వద్దని చెబితే తప్ప రకాలు ఊహిస్తాయి. పైథాన్ భాషలో పట్టికల కోసం వాడే పాండాస్ అలవాటున్నవారికి తెలుసు, పిన్ కోడు కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉంటే చాలు, 500029 కాస్తా 500029.0 అవుతుంది. ఆ చుక్క, సున్నాతో సహా కవరు మీద అచ్చయితే పోస్ట్‌మ్యాన్ ఏమనుకోవాలి?

కాబట్టి నా మొదటి మాటను సవరించుకోవలసి వస్తోంది. కిటికీలూ మెనూలూ ఉన్న ప్రోగ్రాములు చెడ్డవి, నల్లతెర మంచిది అన్నది వాదనగా నిలవదు. తగాదా ఊహించే చదువుకూ, ఉన్నది ఉన్నట్టు చదివే చదువుకూ మధ్య. ప్రతి గడీ మొదట అక్షరాల వరుస. కూడాల్సిన అవసరం వచ్చినప్పుడు, కూడే కాలమ్ ఒక్కదాన్నే, మన చేతులతో కామాలు తీసి, అంకె కానిది ఏదైనా మిగిలితే దాన్ని పక్కన పెట్టి చూపించమని చెప్పి, అప్పుడు అంకెగా మార్చాలి. డక్‌డీబీకి అన్ని కాలమ్‌లనూ అక్షరాలుగానే చదవమని చెప్పవచ్చు. పాండాస్‌కూ చెప్పవచ్చు. ఇంటి నంబరునూ, పిన్ కోడునూ, ఫోను నంబరునూ ఎవరూ కూడరు, గుణించరు. అవి అంకెలతో రాసిన పేర్లు.

అయినా కమాండ్ లైన్ వైపే ఎందుకు మొగ్గుతున్నాను? ఆక్ లక్షను ఒకటి చేసినప్పుడు, ఏ కమాండుతో అలా చేసిందో నా దగ్గర అక్షరాలా ఉంటుంది. మరొకరు దాన్ని చదివి ‘ఇక్కడ కామాలు తీయలేదే’ అని వేలు పెట్టి చూపించగలరు. మౌసుతో చేసిన పనికి అలాంటి జాడ ఉండదు. మూడు నెలల కిందట ఎవరు ఏ కాలమ్‌ను ఎంచుకుని ఏ బటన్ నొక్కారో ఈ రోజు ఏ ఫైలూ చెప్పదు.

తెలుగు అక్షరాలు వచ్చినప్పుడు

ఈ జాబితాలో పేర్లు, ఊర్లు తెలుగులో ఉన్నాయి. అది మాస్టారి పట్టుదల, నాకూ ఇష్టమే. ఆంగ్లంలో ఉన్న ఫైళ్లతో పనిచేసేవారికి ఎదురుకాని చిక్కులు అక్కడ మొదలవుతాయి.

అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌ను ఫైలులో బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు. ‘తెలుగు’ అన్న మాట మన కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌కు ఆరు సంకేతాలు, ఫైలులో పద్దెనిమిది బైట్లు. చిరునామా చీటీ వెడల్పుకు సరిపడేలా పేరును కత్తిరించాలనుకున్నారనుకోండి. ఉబుంటులో మామూలుగా వచ్చే మాక్ అనే ఆక్ బైట్లను లెక్కిస్తుంది, గ్నూ ఆక్ సంకేతాలను లెక్కిస్తుంది. మొదటిదానితో కత్తిరిస్తే అక్షరం నడుమ తెగి చీటీ మీద అర్థంలేని గుర్తు పడుతుంది. రెండోదానితో కత్తిరిస్తే గుణింతం ఊడిపోవచ్చు. తెలుగు పేరును ఎక్కడ కత్తిరించవచ్చో ఈ పాత కమాండులకు తెలియదు. అందుకే కత్తిరించడం మానేసి, చీటీనే వెడల్పు చేయమని చెప్పాను.

యూటీఎఫ్-8 ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు తెలుగు బదులు నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ఆంగ్ల అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు పదేపదే కనిపించడం చాలామందికి అనుభవమే. మన లిపి సంకేతాలన్నింటికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండింటిలో ఏదో ఒకటి కావడం వల్ల వచ్చేది అది. ఆ దశలో సేవ్ చేయకపోతే నష్టమేమీ లేదు. తెలుగు సరిగ్గా కనిపిస్తున్న షీటును పాత సీఎస్‌వీ రూపంలో సేవ్ చేస్తే మాత్రం తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. అసలు బైట్లే పోయాయి కాబట్టి వాటినుంచి తిరిగి ఏమీ రాదు. ఎక్సెల్‌కు యూటీఎఫ్-8 అని సూచించడానికి ఫైలు మొదట మూడు బైట్ల గుర్తు పెడతారు. అది కంటికి కనిపించదు. ఆ గుర్తున్న ఫైలును మిగతా పరికరాలతో చదివితే మొదటి కాలమ్ పేరు ‘పేరు’ అని కనిపిస్తూనే ‘పేరు’తో సరిపోలదు. ఎందుకు సరిపోలదో బైట్లను చూపించే ఓడీ లాంటి కమాండే చెబుతుంది.

ఇంకా సూక్ష్మమైనది ఒకటుంది. పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు సున్నా వెడల్పు గుర్తు ఒకటి చేరుస్తాయి. జాబితాలో ‘హైదరాబాద్’ రెండు వరుసల్లో రెండు లెక్కలతో వచ్చింది. ఎంత తేరిపార చూసినా రెండూ ఒకటే. ఓడీతో చూస్తే ఒకదాని చివర అదనంగా మూడు బైట్లు ఉన్నాయి. స్ప్రెడ్‌షీట్లో హైదరాబాద్ అని ఫిల్టరు పెట్టి కాపీలు పంపుతూ వచ్చినంతకాలం రెండో రకం హైదరాబాదీలు ఆ జాబితాలోకి రాలేదు. మాస్టారు ఈ విషయం విని చాలా బాధపడ్డారు. ఆయన పొరపాటు ఇందులో లవలేశమైనా లేదు. కనిపించని గుర్తును ఎవరు చూడగలరు? అందుకే లెక్కల్లోకి దిగే ముందు ఆ గుర్తును మాట చివరలనుంచి తీసేయడం మొదటి మెట్టుగా పెట్టాను. మాట మధ్యలో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. దిల్‌సుఖ్‌నగర్‌ను సరిగ్గా చూపించడానికి అది కావాలి.

మాస్టారి అభ్యంతరం

ఇదంతా విన్నాక ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనది. “నాయనా, నువ్వు చెప్పినవన్నీ బాగున్నాయి. రేపు నువ్వు లేకపోతే ఈ జాబితా ఎవరు చూస్తారు? నాకు ఎక్సెల్ వచ్చు. ఈ నల్లతెర నా వల్ల కాదు.”

దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. పత్రికలు, గ్రంథాలయాలు, దేవాలయ కమిటీలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, వీటి జాబితాలన్నీ ఇలాంటి ఓపికగల పెద్దల చేతుల్లోనే బతుకుతున్నాయి. వారికి స్ప్రెడ్‌షీటు ఇచ్చిన స్వేచ్ఛ చిన్నది కాదు. కొత్త పేరు చేర్చడానికి, కంటితో చూసి ఒక అంకె సరిచేయడానికి గడుల పట్టికకన్నా సుఖమైనది లేదు. కమాండులన్నీ ఆంగ్ల పదాల ముక్కలు. తెలుగు మీడియంలో చదివి తెలుగులో జాబితా రాసుకునే మనిషిని ఆ ముక్కలు నేర్చుకొమ్మనడం నాకు సమంజసంగా తోచలేదు.

కాబట్టి పని పంచుకున్నాం. చేర్చడం, దిద్దడం ఆయన స్ప్రెడ్‌షీటులోనే చేస్తారు. అయితే ఖాళీ షీటులో అన్ని కాలమ్‌లనూ ముందే టెక్స్ట్‌గా మార్చి ఇచ్చాను. అందులో టైపు చేసిన 3-6-12 అలాగే ఉంటుంది. ఆ షీటును ఎక్సెల్ సొంత రూపంలోనే దాచుకుంటారు, సీఎస్‌వీగా సేవ్ చేసి మళ్లీ తెరవరు. నెలకోసారి దానినుంచి ట్యాబులతో విడదీసిన ఫైలు తీసి తనిఖీ కమాండులు నడుపుతాను. కామాలకు బదులు ట్యాబులు ఎందుకంటే, చిరునామాలో కామా రాని ఊరు లేదు, ట్యాబు టైపు చేసేవారు అరుదు. ఆస్కీ అనే పాత అక్షర సంకేతాల పట్టికలో 28 నుంచి 31 వరకు నాలుగు సంకేతాలు గడులను, వరుసలను విడదీయడానికే ఉన్నాయి. వాటికంటూ మీట మామూలు కీబోర్డు మీద లేకపోవడంతో లోకమంతా కామా, కోట్ గుర్తుల తగాదాలో పడింది. ఆ నాలుగూ వాడుకలోకి వచ్చి ఉంటే ఈ వ్యాసంలో సగం అవసరం ఉండేది కాదని నా నమ్మకం.

తనిఖీ కమాండులను ఒక షెల్ ఫైలులో రాసి, ప్రతి కమాండు పైన అది ఏం చేస్తుందో తెలుగులో వ్యాఖ్య రాశాను. ‘ఇంటి నంబరు కాలమ్‌లో నెల పేరు ఉన్న వరుసలను చూపించు.’ ‘ఆరు అంకెలు లేని భారతదేశపు పిన్ కోడ్లను చూపించు.’ ‘ఒకే ఫోను నంబరుతో రెండు పేర్లుంటే చూపించు.’ మాస్టారు దాన్ని అచ్చు తీయించుకుని కూర్చుని చదివారు. కమాండు లైన్లు వదిలేసి వ్యాఖ్యలు మాత్రమే చదివారు. చదివి, “భారతదేశపు పిన్ కోడు సున్నాతో మొదలవదు, అది కూడా చూడమను” అన్నారు. నా తనిఖీలో అది లేదు. మౌసుతో నేను ఏం చేశానో ఆయనకు ఎన్ని గంటలు వివరించినా ఇలాంటి సవరణ వచ్చేది కాదు. పని మాటల్లో రాసి ఉండటం వల్ల, ఆ పని చేయలేని మనిషి కూడా దాన్ని తప్పుపట్టగలిగారు. కమాండ్ లైన్ గురించి చెప్పే వేగం, కంప్యూటర్ మెమరీ తక్కువ వాడుకుని పెద్ద ఫైళ్లు చదవగలగడం లాంటి గొప్పలు నాకు దీని తర్వాతే.

ఏప్రిల్ 12 అయిపోయిన ఇళ్ల సంగతి కమాండులతో తేలలేదు. ఆ చందాదారుల్లో ఫోను నంబరు మిగిలినవారికి మాస్టారు ఫోను చేశారు. మిగతావారికి ఊరి పేరు, ఇంటిపేరుతో ఉత్తరం రాశారు. చిన్న ఊళ్లలో పోస్ట్‌మ్యాన్‌కు అది చాలు.

ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో పెట్టేస్తే ఈ బాధలన్నీ పోతాయని ఒక మిత్రుడు పట్టుబడుతున్నాడు. పట్టికలో ప్రతి కాలమ్‌నూ అక్షరాలుగా ముందే ప్రకటించి సీఎస్‌వీని దిగుమతి చేసుకుంటే అది ఉన్నది ఉన్నట్టే తీసుకుంటుంది. అది నాకు నచ్చిన గుణం. 2021 చివర్లో వచ్చిన కఠిన పట్టికల ఐచ్ఛికంతో, అంకెల కాలమ్‌లో అంకె కానిది పెడితే నిరాకరిస్తుంది. విరాళాల కాలమ్‌కు అది మేలు. కానీ జిప్ కోడును పొరపాటున అంకెగా ప్రకటిస్తే 08820లోని సున్నాను అదీ తీసేస్తుంది. కాలమ్ రకాన్ని ఆలోచించి ప్రకటించే పని మనుషులదే. ఏడాది చివర చందాల పునరుద్ధరణ ముగిశాక ప్రయత్నిద్దామని మాస్టారు ఒప్పుకున్నారు. కాలమ్ పేర్లు తెలుగులోనే ఉండాలన్నది ఆయన షరతు. ఎస్‌క్యూలైట్ అందుకు అడ్డు చెప్పదు కాబట్టి పట్టిక నిర్మాణం అలాగే రాస్తున్నాను.